నాలుగో కెమెరాకు దండ

పాల్మాకుల దాటాక ఒక క్రికెట్ అకాడమీ మైదానం. దసరా వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం. రోలర్ పెట్టే రేకుల షెడ్డు నీడలో అంపైర్ మల్లేశ్వర్ కూర్చుని ఉన్నాడు. బంతి దారిని పట్టే కెమెరాలు బిగించే ఉదయభాస్కర్ రెండు కాగితాలు చేత పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"...కాదు సార్, యంత్రం తప్పు కాదు. నా తప్పు. అదే చెప్తున్నాను."

"కూసోని చెప్పు. నువ్వు గట్ల నిలబడితె నాకు పోలీస్ టేషన్ల ఉన్నట్టున్నది."

"మీ ముందు నిలబడాల్సింది నేనే సార్."

"అరె, కూసో బిడ్డా. ఆ సంచి మీద వద్దు, సున్నం అంటుతది. ఇగో, ఈ కుర్చీ గుంజుకో."

"మొన్న సెలెక్షన్ మ్యాచ్‌లో చిన్మయి ప్యాడ్‌కి బంతి తగిలితే మీరు నాటౌట్ ఇచ్చారు. అవతలి కెప్టెన్ రివ్యూ అడిగింది. బంతి లెగ్ స్టంప్‌ని కొడుతున్నట్టు నా స్క్రీన్ మీద వచ్చింది. అంతమంది ముందు మీరు మీ మాట వెనక్కి తీసుకుని వేలు ఎత్తాల్సి వచ్చింది. అది..."

"అయిపోయింది గద. మూడు దినాలాయె."

"అయిపోలేదు సార్. నాలుగో స్తంభం మీది కెమెరా పక్కకి తిరిగి ఉంది."

"ఎంత?"

"గోరంత."

"గోరంతకేనా గింత పరేషాన్?"

"పైన గోరంత తిరిగితే కింద పిచ్ మీద జానెడు తేడా వస్తుంది సార్. అందుకే మ్యాచ్‌కి ముందు వికెట్లు పాతించి, గీతలు గీయించి, ఆరు కెమెరాలకీ విడివిడిగా చూపిస్తాను. ఇదిగో వికెట్, ఇదిగో గీత, ఇక్కణ్ణుంచి కొలుచుకో అని. ఈసారి పండక్కి ముందు రోజే చూపించేశాను. ఒకసారి చూపించాక ఇక వాటిని ఎవరూ తాకకూడదు. కాకి వాలినా నాకు గుండె దడే."

"మరి ఎవరు ముట్టిండ్రు?"

"దుర్గవ్వ."

"దుర్గవ్వనా? మన గ్రౌండ్ల గడ్డి పీకే దుర్గవ్వ?"

"దసరా రోజు రోలర్‌కి, గడ్డి కోసే మిషన్‌కి, పారలకి పసుపు కుంకుమ పెట్టి, ఆఖర్న నిచ్చెన వేసుకుని నాలుగో స్తంభం ఎక్కిందట. కెమెరాకి బొట్టు పెట్టి, పూలదండ కట్టి, ఒక నిమ్మకాయ కూడా వేలాడదీసింది సార్."

"హహ! అది గూడ పనిముట్టే గద మరి. పారకు పెట్టి దానికి పెట్టకపోతె దానికి కోపం రాదా?"

"నవ్వకండి సార్."

"నవ్వుత లేను. సరే, ముట్టింది దుర్గవ్వ. తప్పు నీదెట్లయితది?"

"మ్యాచ్ రోజు పొద్దున ఆ దండ నేను చూశాను. నవ్వొచ్చింది. ఫోటో తీసి మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. తర్వాత దండ తీసేసి, బొట్టు తుడిచేశాను."

"తుడిచినవ్ గద. ఇంకేంది?"

"తుడిస్తే చాలదు సార్. ఆ గీతలన్నీ దానికి మళ్ళీ మొదటినుంచి చూపించాలి. నలభై నిమిషాల పని. టాస్‌కి ఇరవై నిమిషాలే ఉంది. ఆట ఆలస్యమైతే అందరూ నా మీద పడతారు. కదిలి ఉండదులే అనుకుని, 'ఆరు కెమెరాలూ సరిచూశాను' అన్న చోట టిక్కు పెట్టేశాను."

"ఊఁ."

"అక్కడితో ఆగినా బాగుండేది."

"అంటే?"

"మర్నాడు కెమెరాలు దించేటప్పుడు తేడా దొరికింది. ఆఫీసుకి ఫోన్ చేసి... గ్రౌండ్ వాళ్ళు తాకారు అన్నాను."

"దుర్గవ్వ పేరు చెప్పినవా?"

"పేరు చెప్పలేదు సార్."

"మంచి పని."

"చెప్పాల్సిన పని లేకపోయింది. ఫోటోలో ఆవిడ కూడా ఉంది, పక్కనే, దండం పెట్టుకుంటూ."

"అరెరె."

"ఆఫీసు వాళ్ళు దాన్ని ఇక్కడికి పంపారు. సోమవారం నుంచి పనికి రావద్దని అకాడమీ మేనేజర్ శివశంకర్ గారు ఆవిడకి చెప్పేశారు. మ్యాచ్ రోజు పొద్దున పండగ గారెలు నాకని పొట్లం కట్టి తెచ్చింది సార్. ఒక్కడివే ఉంటున్నావు, ఎవరు వండి పెడతారు అంటూ. అవి తింటూనే ఆ ఫోటో పంపించాను."

"ఊకో బిడ్డా. ఊకో."

"అందుకే ఈ ఉత్తరం రాశాను. తప్పంతా నాదేనని. సంతకం కూడా పెట్టేశాను."

"నౌకరి పోతదేమో?"

"పోవచ్చు."

"అత్తాపూర్ల కిరాయి ఇల్లు. కొత్త నౌకరి ఊకెనే దొర్కుతదా? జర సోంచాయించు."

"మూడు రోజులు అదే చేశాను. ఇప్పుడు మీరు కూడా అలా అంటే నాకు ధైర్యం చాలదు సార్."

"సరే, గట్లనను. ఇచ్చెయ్ పో. మంచి పనే చేస్తున్నవ్. మరి నన్నెందుకు పిలిపించినవ్ రాజేంద్రనగర్ నుంచి?"

"ఇంకో కాగితం ఉంది. దాని మీద మీ సంతకం కావాలి."

"నాదా? నాదెందుకు?"

"సెలెక్టర్లతో మాట్లాడాను. ఆ కెమెరా లెక్క తీసేస్తే బంతి ప్యాడ్‌కి తగిలేదాకే తెలుస్తుంది. తర్వాత ఎటు పోయేదో తేలదు. యంత్రం లెక్క చెల్లనప్పుడు అంపైర్ మాటే మాట అన్నారు వాళ్ళు. బంతి వికెట్లకి తగలకుండా పక్కనుంచి పోయేదే, నేను కళ్ళారా చూశాను అని మీరు రాసిస్తే, చిన్మయిని అండర్ నైంటీన్ క్యాంపుకి పిలుస్తారు. సాయంత్రం ఐదింటికి పేర్లు ఖాయం చేస్తున్నారు."

"ఏంది? విమానం చప్పుడుల ఇనవళ్లే."

"విమానం వెళ్ళిపోయింది సార్. మళ్ళీ చెప్తాను. మీరు రాసిస్తే..."

"ఇనవడ్డది, ఇనవడ్డది."

"పెన్ను ఇదిగో."

"ఎన్ని పరుగుల మీద ఉండె ఆ పిల్ల?"

"నలభై ఏడు. ఇంకో పది కొట్టి ఉంటే పేరు ఖాయమే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది సార్, ఇదే ఆఖరి అవకాశం."

"మంచిగాడుతది. ఎడమ కాలు ముందటికేసి... మంచిగాడుతది."

"సంతకం, సార్."

"కండ్లద్దాలు తేలే నేను."

"మీ జేబులోనే ఉన్నాయి."

"అవునా? గివి దగ్గరియి కావు. దూరానియి."

"అయితే నేను చదివి వినిపిస్తాను."

"జర ఆగు. ఎవరో వస్తున్నరు. దుర్గవ్వే. రా దుర్గవ్వా, ఏంది, చాయ్ తెచ్చినవా?"

"తెచ్చిన సారూ. ఇగో ఈ సారుకు గూడ. అయ్యా, మిమ్ములనే అడుగుదామని వచ్చిన. మేనేజర్ సారు సోమారం సంది రావద్దంటున్నడు. నేనేం తప్పు చేసిన్నో జర చెప్పుండ్రి."

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. తప్పు నాదని రాశాను. సోమవారం నువ్వు పనికి వస్తావు."

"దండ కట్టినందుకేనా సారూ? మంచిగ నడవాల్నని కట్టిన. పొద్దందాక గంత ఎండల నిలబడి చూస్తది పాపం, రెప్ప గూడ కొట్టది. దానికి నీడ లేదు, నీళ్ళు లేవు. ఒక్క బొట్టన్న పెడదామనిపించింది."

"నాకంటే నువ్వే దాన్ని బాగా చూసుకున్నావు. నువ్వు కట్టిన దండ వల్ల కాదమ్మా, నా బద్ధకం వల్ల జరిగింది. నిన్ను ఫోటో తీసి నవ్వుకున్నాను కూడా. నన్ను క్షమించు."

"గంత మాట ఎందుకయ్యా? ఫోటోల మంచిగనే పడ్డనా?"

"చాయ్ మంచిగున్నది దుర్గవ్వా. అల్లం ఏసినవా?"

"సార్, మాట మార్చకండి. టైము నాలుగు కావస్తోంది."

"రేపు చూద్దాం ఉదయ్."

"రేపటికి పేర్లు బయటికి వచ్చేస్తాయి."

"నీ ఉత్తరం ఒక్కటే ఇయ్యి. అది చాలు. కెమెరా తిరిగిందని తెలిస్తె వాళ్ళే అర్థం చేసుకుంటరు."

"చాలదన్నారు సార్. నేనూ అదే అడిగాను. అంపైర్ చూశానని రాయాలి అన్నారు."

"నాకిప్పుడు ఇజ్జత్ తిరిగి రావాల్నని లేదు. నా పేరు మళ్ళ అందరి నోట్ల పడొద్దు."

"మీరెందుకు వెనకాడుతున్నారో నాకు తెలుసు."

"తెలుసా?"

"మీరు సంతకం పెడితే నా తప్పు రాతపూర్వకంగా తేలిపోతుందని. నన్ను కాపాడాలని చూస్తున్నారు. మీ మంచితనం మ్యాచ్ రోజే చూశాను సార్."

"మంచితనం అనకు."

"ఆ రోజు మెట్ల మీదనుంచి ఎవరో 'కండ్లద్దాలు మార్చు తాతా' అని అరిచారు. అందరూ నవ్వారు. మీరు నా స్క్రీన్ వైపు ఒక్కసారి తిరిగి చూడనైనా లేదు. ముప్ఫై ఏళ్ళుగా బంతిని చూస్తున్న కళ్ళు అవి. వాటిని నా టిక్కు అబద్ధం చేసింది."

"అరిచినోడు నిజమే అన్నడేమో."

"అలా అనకండి, నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు. చిన్మయి వెళ్ళిపోతూ మీ దగ్గర ఆగింది కదా. ఏమంది?"

"ఏమనలే."

"ఏమనకపోవుడేంది సారూ? నేను బౌండరీ కాడ్నే ఉన్న, గ్లవుజులు పడితె తీసిస్తున్న. 'మీరొక్కరే సరిగ చూసిండ్రు సార్' అన్నది. దండం పెట్టి, కండ్లు తుడుసుకుంట పోయింది."

"దుర్గవ్వా, నీకు పని లేదా?"

"పని తీసేసిరి గద సారూ, ఇంకేం పని?"

"చూడండి సార్, ఆ అమ్మాయికి కూడా మీ మీదే నమ్మకం."

"గా నమ్మకమే నన్ను పండనిస్త లేదు."

"పండుకోనిస్తుంది. ఒక్క సంతకం పెట్టండి. నా నౌకరి సంగతి మీరు మర్చిపోండి. నేను చేసిన పాడుపనికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. దుర్గవ్వకి పని, ఆ అమ్మాయికి క్యాంపు, మీకు మీ మాట. మూడూ తిరిగొస్తాయి. నేను ఇవాళ రాత్రి కడుపునిండా తింటాను."

"నువ్వు నాకన్న చిన్నోనివి. నీ అంత ధైర్యం..."

"ధైర్యం కాదు సార్, సిగ్గు. భరించలేక చెప్పేశాను, అంతే."

"పెట్టరాదు సారూ. పిల్లకు మంచయితదంటున్నడు. అబద్ధం రాయమంటలేడు గద."

"అవును సార్. మీరు చూసిందే రాయండి. ఒక్క ముక్క."

"చూసుంటె ఆనాడే రాసిద్దును బిడ్డా. బౌలర్ ఉరికొస్తుంటె నేను తల వంచుకొని, ఆ ఓవర్ల ఎన్ని బంతులైనయో మర్శిపోయి, గుప్పిట్ల గులకరాళ్ళు లెక్కవెట్టుకుంటున్న."