ప్లేటు మీది అంకెలు

పంపుల గదిలో, మోటార్లకు కరెంటు సరిచేసి పంపే డ్రైవు పెట్టెలు చూసుకుంటూ ఉద్యోగం పోగొట్టుకున్న మెకానిక్కుకూ ఫోర్‌మన్ అయిన అతని బావమరిదికీ మధ్య ఆగిపోయిన మోటారు ఉంది.

"మళ్ళీ అదే. మోటారు సెటప్ తప్పంటోంది బావా, ఈ డ్రైవు."

"మోటారు ప్లేటు మీదున్న అంకెలే డ్రైవులోకి ఎక్కించావా?"

"పొల్లుపోకుండా."

"పోయినేడు నేనూ అలాగే ఎక్కించాను. మోటారు కాలిపోయింది. అంకె తప్పు కొట్టానని నన్ను ఇంటికి పంపారు."

"ఇప్పుడవన్నీ ఎందుకు? ముందు ఇది చూడు."

"చూస్తున్నా. మీ అక్క బతిమాలింది కాబట్టి వచ్చాను, లేకపోతే ఈ గడప తొక్కేవాణ్ణి కాదు. వైర్లు బాగానే ఉన్నాయి. పాత డ్రైవేదీ?"

"తీసేశారు. ఇది కొత్తది."

"అదీ సంగతి. పాతది మనమేం చెబితే అది నమ్మేది. ఇది మోటారుని తనే కొలుచుకుంటుంది. కొలుచుకుని, మీరు చెప్పేది అబద్ధం అంటోంది."

"డ్రైవే పాడేమో బావా."

"ఆ టార్చి ఇలా కొట్టు. ప్లేటు మీద. ఇంకొంచెం పక్కకి, మూల మీద."

"ఏముందక్కడ, తుప్పు."

"తుప్పు పట్టిన ప్లేటుకి మెరిసే రివెట్లేమిట్రా?"

"కాలిపోయాక వైండింగుకి వెళ్ళొచ్చింది కదా, వాళ్ళెవరో..."

"వైండింగువాడు ప్లేటు ముట్టుకోడు. ఇది పెద్ద మోటారు ప్లేటు. దీని వెనకున్నది చిన్న మోటారు. ఈ అంకెలకి అది కాలిపోక ఏమవుతుంది? ఎవరు బిగించారు?"

"టార్చి ఆర్పేస్తున్నా బావా, పద."

"ఏరా, నిన్నే."

"పెద్దది నా చేతిలోనే పాడైంది. ఓనరు ఊరుకోడని, మూలనున్న చిన్నదానికి రంగేసి... చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి కదా. ఒక్క వారం నడిస్తే చాలనుకున్నాను బావా."

"నేను సెట్ చేయకముందా?"

"ముందు రోజు."

"రంగు బాగా వేశావని నిన్ను మెచ్చుకున్నాను కూడా. నన్ను గెంటేస్తుంటే పక్కనే నిలబడి చూశావు."

"పిల్లలు గలవాణ్ణి బావా."

"నేను మాత్రం కాదా? ఏడాదిగా కంచం ముందు కూర్చుంటే చాలు, అంకెలు చూసుకోవడం కూడా చేతకాలేదా అంటుంది మీ అక్క. నిజంగానే చేతకాలేదేమో అనుకుని నోరు మూసుకున్నాను. పద ఇంటికి."

"ఎందుకు?"

"ఆవిడ ముందు చెబుదువుగాని. నీ నోటితోనే వినాలి తను."

"వద్దు బావా."

"ఏం, అక్కంటే భయమా?"

"అక్క పోయినేడే వింది బావా. నీకు చెప్పనని నాతో ఒట్టేయించుకుంది."