ఈరప్ప గాలిఫ్యాను

ఈరప్పని గొర్లు మేపేటాయప్ప ఒగడుండె. పెండ్లాం మాళక్క. వాళ్ళ గొర్లదొడ్డి కొండమింద, ఆడికి కరెంటు తీగ యాడొస్తాది? గాలి మాత్రం కొట్టిందంటే నెత్తిన గుడ్డ నిలవదనుకో. ఏమైందంటే, చీకటైతే సాలు తోడేళ్ళొచ్చి గొర్రెపిల్లల్ని ఎత్తకపోతాంటే, ఈరప్ప ఇనుప కంబం పాతిచ్చి దానిమింద చిన్న గాలిఫ్యాను పెట్టిచ్చినాడంట. అది తిరిగితే కింద బ్యాటరీ నిండుతాది, బ్యాటరీ నిండితే దొడ్డిలో బల్బు వెలుగుతాది. ఆ వెలుతురుకు తోడేలు మళ్ళా ఆ పక్క రాలేదంట. మొగుడూ పెండ్లాం ఆ కంబం కిందనే కూచోని సంగటి తింటాండ్రి, ఇంగేం గావాల.

అట్లాంటి ఈరప్ప జరమొచ్చి, గొర్లు ఈనే కాలంలోనే సచ్చిపాయ. వాళ్ళల్లో ఒగ పద్ధతుండాదిలే, సావింట్లో దినాలయ్యేదాకా తిరిగేది ఏదీ తిరగగూడదు. బండిచక్రం తిరగగూడదు, ఇసుర్రాయి తిరగగూడదు. తిరిగితే పోయే ప్రాణం దాంట్లో చిక్కుకుంటాదంట, ఇంగ దోవ దొరకదంట. ఈరప్ప తమ్ముడు ఓబులేసు ఫ్యాను కట్టేసేదానికి పగ్గం తెచ్చె. మాళక్క పోయి కంబం కరుసుకోని కూచునిందంట. కడితే బల్బు ఆరిపోతాది, దొడ్డి నిండా నిన్నా మొన్నా పుట్టిన పిల్లలుండాయి, తోడేలు ఒగదాన్ని మిగల్చదు అని. మరి అన్న ప్రాణం ఏం గావల్ల వదినా అని వాడు ఏడిస్తే, "ఆయప్ప పోయినాడు, ఇవి బతికుండాయి. ఆ పగ్గం ఎత్తకపో" అనిందంట. ఎత్తకపాయ, ఏం జేస్తాడు.

పిల్లలన్నీ బతికినాయి. ఆయమ్మ మాత్రం బతికుండీ లేనట్లే. ఫ్యాను కీచుమంటే మొగుడే మూలుగుతాండాడని చేతిలో ముద్ద ఆడనే పెట్టేసేది. గ్రీజు పూస్తా వదినా అంటే పూయనియ్యలే. ముసలిదై మంచం పట్టినాక ఓబులేసును పిల్సి, "నేను పోయిన్నాడు గూడా దాన్ని కట్టగాకు. ఆయప్ప ఆడ ఒక్కడే ఉండాడు" అని చేతిలో చెయ్యి వేయించుకునిందంట.

సరే అన్యాడు. ఆయమ్మ కండ్లు మూసిందో లేదో, కంబమెక్కి పగ్గంతో కట్టేసినాడు. ఏమప్పా, చెయ్యేసి మాట తప్పితివే అని నేనే అడిగితి. "అన్ననైతే పోగొట్టుకుంటిమి, వదిననన్నా దోవకు పంపియ్యాల గదా" అన్యాడు. వాంది తప్పని ఎట్లంటావు? దినాలైనాక పగ్గమిప్పినారు, ఫ్యాను మళ్ళా తిరుగుతానే ఉండాది. నేను ఆ దోవన పోయినప్పుడల్లా అనుకుంటా, నీ పెండ్లాం పాయనప్పా, ఇంగ ఎదురు సూడగాకు అని ఆ ఫ్యానులో ఉండేటోనికి ఎవురన్నా చెప్పల్ల గదా అని.