కుళాయి వైపు మొదటి బండి

నా పేరు, మావారి పేరు పై కాగితంలో ముందే రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు యాభై ఎనిమిది. వృత్తి కుట్టుపని. సీటు కవర్లు, కర్టెన్లు, పరుపు తొడుగులు కుడతాను. చిరునామా అడిగారు. మా ఇల్లు చక్రాల మీద ఉంటుంది. ప్రస్తుతం నది ఒడ్డున బళ్ళు నిలిపే ఆవరణలో ఉంది. అదే రాసుకోండి.

మావారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. రిటైరయ్యాక ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మేసి ఈ ట్రైలర్ కొన్నాం. జీపు వెనక తగిలించుకుని ఊరూరా తిరుగుతాం. మా ఆడపడుచు దీన్ని నత్తగుల్ల అంటుంది. అననివ్వండి. లోపల గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మడత మంచం, నా కుట్టుమిషను ఉన్నాయి. మలుపుల్లో గిన్నెలు బయటికి దూకకుండా అలమర తలుపులకు బొత్తాల పట్టీలు కుట్టాను. ఇది తప్ప మాకు వేరే గూడు లేదు.

బయల్దేరే ముందు మాకొక పద్ధతి ఉంది. నేను అరుస్తాను, ఆయన ముట్టుకుని బదులిస్తారు. “దిమ్మలు?” అంటే చక్రాల కింద పెట్టిన చెక్క దిమ్మలు లాగేసి “తీశా” అంటారు. “మెట్టు?” “మడిచా.” “కొక్కెం?” “పడింది.” ప్రతిదీ చేత్తో తడిమి చూస్తారు. ఎంత జాగ్రత్త మనిషో అని మురిసిపోయేదాన్ని.

ట్రైలర్ ముందున్న చిన్న చక్రాన్ని పైకెత్తడానికి ఒక ఇనుప హ్యాండిల్ ఉంటుంది. పొద్దున్నే చేతికి చల్లగా తగులుతుందని దానికి దూది పెట్టి తొడుగు కుట్టాను. మూడు పెద్ద బొత్తాలు వేశాను. ఆ తొడుగు సంగతి మళ్ళీ వస్తుంది.

నిన్న సాయంత్రం ఆరింటికి ఆవరణలోకి ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, తల్లి వచ్చారు. వాళ్ళ ట్రైలర్ మాదానికి కవల. అదే కంపెనీ, అదే మీగడ రంగు. దాన్ని మాకూ నీళ్ళ కుళాయికీ మధ్యనున్న ఖాళీలో నిలిపారు. అంతవరకూ కుళాయి వైపు నుంచి వస్తే మొదటి బండి మాదే.

డాక్టరు గారు వచ్చీ రాగానే జనరేటర్ వేశారు. మా అలమరలో కప్పులు గజగజ వణికాయి. మావారు వెళ్ళి ఆపమన్నారు, మాటా మాటా పెరిగింది. “పొద్దునకల్లా నీ బండి ఇక్కడ లేకుండా చేస్తా, చూస్కో!” అని మావారు అన్న మాట నిజం. కాపలాదారు విన్నాడు, నేనూ విన్నాను. అయితే ఆయన కోపం పాలపొంగు. అన్నం తినేలోపే చల్లారిపోయింది.

మగవాళ్ళు పోట్లాడుకున్నా పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా అని నేనే వెళ్ళి డాక్టరు భార్యతో మాట కలిపాను.

“అన్నయ్యగారి కోపం తగ్గిందా?” అని అడిగింది.

“తగ్గకేం, అప్పుడే గురక కూడా మొదలెట్టారు” అన్నాను.

ఆ అమ్మాయి మా తొడుగు చూసి ముచ్చటపడింది. నా దగ్గర అదే గుడ్డతో కుట్టిన రెండోది ఉంది. తెచ్చి నా చేత్తోనే వాళ్ళ హ్యాండిల్‌కి తొడిగాను. మూడు బొత్తాలూ నేనే పెట్టాను. మావారికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే “శత్రువుకి చొక్కా కుట్టావా?” అని నెల్లాళ్ళు ఏడిపిస్తారు.

ఈ ఉదయం ఆరింటికి పొగమంచు ఉంది. మావారు కుళాయి దగ్గర జీపు కడుగుతున్నారు. “నేను బండి తగిలించుకుని వస్తా. నువ్వు కాపలాదారుకి స్నానాల గది తాళం ఇచ్చేసి గేటు దగ్గర ఉండు” అన్నారు. సరేనన్నాను. “దిమ్మలు?” అని అరవడానికి ఇవాళ నేను లేను. డాక్టరు దంపతులు నది వైపు నడకకు వెళ్ళారట. పెద్దావిడ లోపల నిద్రపోతోంది.

గేటు దగ్గర ఎక్కాను. వెనక మంచులో మీగడ రంగు కనిపించింది. ఇంకేం చూస్తాను? దారంతా ఎప్పటిలాగే మాట్లాడుతూ కూర్చున్నాను. ఎడమ పక్క సైకిల్ వస్తోంది, కుడి నుంచి లారీ దాటుతోంది, అదిగో ఆ మలుపులో గేదెలు. నాకు వాగుడెక్కువ.

గంట తరవాత టీ పెట్టుకుందామని ఆగాం. నేను ట్రైలర్ తలుపు తీశాను. మంచం మీద పెద్దావిడ కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. “మావాడు ఇవాళ ఇంత నెమ్మదిగా నడుపుతున్నాడేమిటా అనుకున్నా. నువ్వెవరమ్మా?” అంది.

“ఏవండీ, ఇది మనది కాదు” అని పిలిచాను. మావారు వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. ఒక్కొక్క బొత్తామే తడిమారు.

“మనదేనే. తొడుగు ఉందిగా” అన్నారు.

ఆయన మోచేతికి జానెడు దూరంలో, డ్రైవరు వైపు గోడ మీద, తలుపంత ఎత్తున పన్ను బొమ్మ ఉంది. నేను రెండో వైపు ఎక్కాను కాబట్టి నాకు కనబడలేదు. ఆయన మాత్రం దాని పక్కనే నిలబడి మనదేనే అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. అంతకు ముందు తెలియదు.

ఎదురుగా ఉన్నది ఆయనకు బాగానే కనబడుతుంది. పక్కల చూపు లేదు. రెండేళ్ళుగా లేదట. నా ముందు ఒప్పుకున్నారు. పొద్దున మంచులో కుళాయి వైపు నుంచి వచ్చి, చేతికి తొడుగు తగిలిన మొదటి బండినే మాదనుకుని తగిలించారు. ఇంతలో డాక్టరు గారి ఫిర్యాదు మీద మీ పోలీసు జీపు వచ్చింది. మీ ముందు మాత్రం “కోపంతో కావాలనే లాక్కొచ్చాను, మా ఆవిడకేం తెలీదు” అన్నారు. మీరు దొంగతనం అని రాసుకున్నారు.

ఎందుకిలా చెప్పారని స్టేషన్ వరండాలో అడిగాను. “దొంగ అంటే నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారే. కళ్ళు లేవంటే లైసెన్సు లాక్కుంటారు. ఇక మనం ఎక్కడుంటాం? నువ్వు నోరెత్తావంటే నా మీద ఒట్టే” అన్నారు.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇది చెబుతున్నాను. ఆయన దొంగ కాదు. కావాలంటే ఆయన పక్కగా వెళ్ళి నిలబడి చూడండి. ఇందాక మీ గుమ్మం పక్క బల్లకు మోకాలు కొట్టుకుంది కూడా అందుకే. అయినా ఇక బండి నడపకూడదు. ఎడమ పక్క సైకిల్ ఉందని నేను చెప్పడం మర్చిపోయిన రోజున ఆ సైకిల్ మీది వాడి గతేమిటి?

బండిలో పెళ్ళాం మాట్లాడితే నోరు మూసుకోమనని మొగుడిని నేను చూడలేదు. మావారు మాత్రం నేను ఆగితే “ఆపావేం, చెప్పు చెప్పు” అనేవారు. అది ప్రేమ అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

పెద్దావిడ తననెవరూ ఎత్తుకుపోలేదనీ, నేను టీ పెట్టి ఇచ్చాననీ మీతో చెప్పారు. అదీ నిజమే. మావారి లైసెన్సు నా సంచిలో ఉంటుంది. ఇదిగో, మీ బల్ల మీద పెట్టాను. జీపు నడపడం నేను నేర్చుకుంటాను. దీనికి కేసుతో సంబంధం లేదు, రాయక్కరలేదని మీరు అన్నారు. రాయమని నేనే అడిగాను.

పైన ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మావారికి మాత్రం మీరు చదివి వినిపించవద్దు. ఆయన పక్కన కూర్చుని నేనే చెబుతాను.

(సంతకం)