హనుమండ్లు తెరిచిన కండ్లు

గీ గోడ మీది బొమ్మనా? తీసుకో బిడ్డా, ఫోటో తీసుకో, ఎవలు వద్దన్నరు? కానీ మొన్నచ్చినోళ్ల లెక్క "తాతా, గిది ఏ శైలి?" అని మాత్రం అడగకు, నాకు ఒళ్లు మండుతది. హనుమండ్లు శైలి. గంతే. నకాషాయన, జమ్మికుంట దిక్కు. నకాషోళ్లంటే ఎరుకే గద, కులాల కథలు చెప్పెటోళ్లకు బట్ట మీద కథంత బొమ్మలు గీసిచ్చెటోళ్లు. నైజాం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల గీ చర్చి లేపినం. ఎవలో వచ్చి కట్టియ్యలే, బొగ్గుబాయి పని చేసొచ్చి మేమే రాళ్లు మోసినం. ఇగ మా పాస్టరయ్య, ఏసుప్రభువు రొట్టెలు పంచే బొమ్మ గియ్యుమని హనుమండ్లును పిలిపిచ్చిండు. ఆయనకు బైబిలేం తెలుసు? "అయ్యగారూ, తిన్నోళ్లు ఎవలు?" అన్నడట. "ఆకలైనోళ్లు" అన్నడు పాస్టరయ్య. అగో, గదొక్కటి పట్టుకున్నడు. పోయి బొగ్గుబాయి మొగదల కూసున్నడు, షిఫ్టు దిగి వచ్చెటోళ్లను చూసుకుంట. సూడు, గా మందిలంత మావోళ్లే. నెత్తికి దీపాలు, చేతుల తట్టలు. ప్రభువు చేతిల రొట్టె సూడు, జొన్నరొట్టె! మా కొండల్ గాడైతె కొట్లాటకు పోయిండు, "నా పొట్ట గంత ఉన్నదా?" అని. "నువ్వు తగ్గిచ్చుకో, నేను తగ్గిస్త" అన్నడు హనుమండ్లు.

ఏం చెప్తున్న? ఆఁ, మా అవ్వ. సమ్మవ్వ ఆమె పేరు. మా బాపు మొండయ్య గప్పటికే లేడు, బాయిల కప్పు కూలి పోయిండు. ఫోటో లేదు బిడ్డా. మాసొంటోళ్లకు ఫోటోలెక్కడియి గా దినాలల్ల? మా అవ్వ హనుమండ్లు కాడికి పోయి, "తమ్మీ, మా ఇంటాయన గూడ ఆకలి మీదనే పోయిండు, ఆయన్ను గూడ గా పంక్తిల కూసోబెట్టు" అన్నది. ఆయన కాదనలే. ఆమె చెప్పుకుంట పోయింది, ఆయన గీసుకుంట పోయిండు. "ముక్కు?" అంటె నన్ను గుంజి నిలబెట్టింది, "గిదే ముక్కు" అని. "చెవులు మాత్రం పెద్దయి. కనుబొమ్మ మీద నీలంగ గీత." బొగ్గు దెబ్బ మానితె లోపట నీలంగ ఉండిపోతది, గది. బాపు దిగిండు గోడ మీదికి. కానీ కండ్లు లేవు. ఎవలకూ లేవు, ప్రభువుకు గూడ. నకాషోళ్లు కండ్లు ఆఖరుకే పెడ్తరు. తానం చేసి, ఒక్కపొద్దుండి, కొబ్బరికాయ కొట్టి.

ఇగ గాడ వచ్చింది పంచాది. పాస్టరయ్య లేసిండు, "చర్చిల కొబ్బరికాయనా! నన్ను ఊర్ల ఉండనిస్తరా?" ఈయన, "మీ దేవునితోని నాకు పంచాది లేదు అయ్యగారూ, కాయ కొట్టకుంట కండ్లు పెట్టుమంటె నా చెయ్యి లేవది." ఇద్దరూ మంచోళ్లే, ఇద్దరూ మొండోళ్లే. క్రిస్మస్ దగ్గరికొచ్చింది. గుడ్డి బొమ్మలను చూసి పిల్లలు జడుసుకుంటున్నరు. హనుమండ్లు కుంచెలు మూటగట్టిండు, పాస్టరయ్య సున్నం కొట్టిస్త అన్నడు. మా అవ్వకు పాణం ఆగలే. "ఒక్కపారి బాయిల పూడిండు, మల్ల సున్నంల పూడుస్తరా?" అన్నది.

తెల్లారంగనే ఆమెనే కాయ తెచ్చింది. హనుమండ్లును మా ఇంటికి తోలుకచ్చి, "కొట్టు తమ్మీ, నా కడప మీద కొట్టు, గీడ ఎవలొద్దంటరో సూస్త" అన్నది. కొట్టిండు. గా కొబ్బరి నూరి తొక్కు చేసింది, జొన్నరొట్టెలు చేసింది, గంప నెత్తిన వెట్టుకొని సక్కగ పాస్టరయ్య ముంగట దించింది. "అయ్యగారూ, తొక్కు తింటె పాపమా?" ఆయన గంప దిక్కు సూసిండు, హనుమండ్లు దిక్కు సూసిండు, ఇగ నవ్వు ఆపుకోలేకపోయిండు. ప్రార్థన చేసి రొట్టె తుంచిండు. "నేను కండ్లు పెట్టినంకనే తింట" అని హనుమండ్లు కుంచె అందుకున్నడు.

అందరికీ పెట్టుకుంట పెట్టుకుంట బాపు కాడికొచ్చి ఆగిండు. "అక్క ఏది?" అన్నడు. అవ్వ వాకిట్ల ఉన్నది. కండ్లు తెరిచేటప్పుడు మొగడు వోయిన ఆడిది ఎదురుంగ ఉండద్దంటరు గద, తనంతట తనే పక్కకు పోయింది. పిలిస్తె, "నేనద్దు తమ్మీ, నీ పని చెడిపోతది" అన్నది. గప్పుడు కోపమొచ్చింది బిడ్డా ఆయనకు, గా కోపానికి నేను ఇయ్యాల్టికీ దండం పెడ్త. "నీ మొకం గాక ఇంకెవలి మొకం చూడాలె ఆయన?" అని గద్దరిచ్చి, తెచ్చి ఎదురుంగ నిలబెట్టిండు. ఒక సుక్క. ఇంకో సుక్క. మా అవ్వ గబుక్కున కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది, బాపు షిఫ్టు దిగి ఇల్లు చేరినప్పుడు గుంజుకున్నట్టు…

జర గిటు జరుగు బిడ్డా. మా బాపు చూపుకు అడ్డమున్నవ్.