గోడమీద చారలు

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు. మధ్యాహ్నం. కిటికీలకు దుప్పట్లు కట్టిన ముందు గదిలో పని మానేసిన ముసలి వడ్రంగి, అతని మనవరాలు.

"కదలకు తాతా! లేజరు లైటు గోడమీంచి జారిపోతోంది."

"చేత్తో ఎంతసేపని పట్టుకోనే? బట్టల క్లిప్పుకి బిగించు. ఇంతకీ ఈ ఎర్రచుక్క చూడ్డానికేనా దుప్పట్లు కట్టి నన్ను ఉడకేసింది?"

"ఇంకా మొదలే పెట్టలేదు, ఉండు, ఆర్పేస్తాను. దీనికి అడ్డంగా ఓ వెంట్రుక నిలబెట్టాలి. ఇంట్లో చేసి చూడమంది టీచరమ్మ."

"నా నెత్తిమీద వెతుక్కో. దొరికితే నీదే."

"వెతకడానికేముంది, అద్దంలా ఉంది."

"నీదే పీకవే మరి."

"నాది పొట్టి. ఈ అట్టకి చేసిన కంతకి అటూ ఇటూ టేపుకి అందట్లేదు."

"అవునవును, ఎండలకి కత్తిరించుకున్నావుగా."

"ఎండలకి కాదు తాతా. నాన్న చేతికి చిక్కకుండా."

"సర్లే, పొడుగుది ఇంకెక్కడైనా చూడు."

"ఇదిగో, పొడుగుది ఉంది. అమ్మది."

"మీ అమ్మ ఆస్పత్రిలో పడుంటే ఆమె వెంట్రుక నీకెక్కడిది?"

"నాన్న గడియారం గొలుసులో ఇరుక్కుపోయి ఉంది. కుదురుతో సహా ఊడొచ్చింది."

"అవన్నీ నాకెందుకు? లైటు వెయ్యి."

"పోలీసు స్టేషన్లో ఏం చెప్పావు తాతా?"

"ఉన్నదే చెప్పాను. కళ్లు మసకలు, ఎదురుగా మనిషున్నా పోల్చుకోలేను, ఏమీ చూడలేదు అని. లైటు వెయ్యమన్నానా!"

"రేపు అమ్మని పంపించేస్తారట. దవడకి తీగ కట్టారు, మాట్లాడలేదు. వేళ్లన్నీ పిండికట్టులో ఉన్నాయి, రాయనూ లేదు. ఇంక చెప్పేవాళ్లెవరూ లేరు."

"వెయ్యవే లైటు!"

"వేశాను. చూడు."

"ఓర్నీ… ఇదేమిటే? ఒక్క వెంట్రుకకి ఒక్క నీడ పడాలి కదా? దువ్వెన పళ్లలాగా ఇన్ని చారలేమిటి? ఎర్రది, నల్లది, మళ్లీ ఎర్రది…"

"వెలుగు కూడా అలలేనట. వెంట్రుకకి అటు కొంతా ఇటు కొంతా పోయి అవతల మళ్లీ కలుస్తాయి. ఎత్తూ ఎత్తూ కలిస్తే ఎర్రగా, ఎత్తూ పల్లమూ కలిస్తే నల్లగా."

"అటూ వెలుగే, ఇటూ వెలుగే. కలిస్తే చీకటెలా అవుతుందే?"

"రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వరదప్పుడు నువ్వు వంతెన దగ్గరికి వెళ్లావు కదా?"

"వెళ్లాను. స్తంభం దగ్గర నీళ్లు చీలి అవతల కలిసేవి. కొన్నిచోట్ల మనిషెత్తు లేచేవి. పక్కనే, ఇంతమేర, నీళ్లున్నా అల ఉండేది కాదు. అదేనా ఇది?"

"అదే."

"భలేగా ఉందే! చివర్లో వెలిసిపోయిన సన్నచారలు కూడా ఉన్నాయి చూడు, ఆ సున్నం పెచ్చు ఊడినచోట."

"ఎక్కడ? నాకు కనపడట్లేదే."

"అదిగోనే, మేకుకి ఎడమపక్కన. నూలుపోగంత. ఏమిటే అలా చూస్తావు?"

"నీకు కళ్లు కనపడతాయి తాతా."

"ఇందుకా… ఇందుకా నన్నిక్కడ కూచోబెట్టావు?"

"ఆ రోజు నేను బళ్లో ఉన్నాను. అమ్మా నాన్నా కాక ఇంట్లో నువ్వొక్కడివే ఉన్నావు. ఏం చూశావు?"

"దుప్పట్లు తీసెయ్యి."

"ఏం చూశావు తాతా? అమ్మో, నాన్న వచ్చాడు!"

"ఏమే! చీకటి చేసుకుని తాతా మనవరాలూ ఏం గూడుపుఠాణీ? నా గడియారం ఏదీ?"

"బల్లమీదుంది నాన్నా. సైన్సు పాఠం…"

"ఈ అట్టకి అంటించిందెవరి వెంట్రుక?"

"అమ్మది."

"ఎవరికి చూపిద్దామని దాచావే? చెప్పు! చెబుతావా లేదా?"

"చెయ్యి వదులు నాన్నా, విరుగుతుంది! నాన్నా!"

"విరగనీ. దాని వేళ్లు ఒక్కొక్కటీ విరిచినవాడికి నీ చెయ్యో లెక్కా?"

"ఒరేయ్! చిన్నదాన్ని వదలరా!"

"నువ్వు నోరు ముయ్యి. కళ్లు లేనివాడికి నోరెందుకు?"

"వదలమన్నానా!"

"నామీదికే చెయ్యెత్తుతావా? ఫో అవతలకి!"

"తాతా! తాతా, నెత్తురు… తల పగిలింది నాన్నా!"

"గోడకి తగిలిందంతే, చావడు. ఇద్దరూ వినండి. రేపు అది ఇంటికొస్తుంది. ఈసారి ఆస్పత్రి దాకా పోనివ్వను. ఇక్కడే తేల్చేస్తాను. ఈ లైటూ, ఈ వేషాలూ… ఇదిగో, కాలి కింద!"

"వెళ్లిపోయాడా వాడు?"

"వెళ్లాడు. లైటు నుజ్జయిపోయింది తాతా."

"పోతే పోయింది. నీ చెయ్యి ఇలా తే. వేళ్లు ఆడించు. ఆఁ, ఆడుతున్నాయి."

"నువ్వింకా చెప్పలేదు."

"పడుకోవే తల్లీ. కాసేపు పడుకో."

మర్నాడు పొద్దున్నే, పోలీసు స్టేషన్లో.

"మళ్లీ వచ్చావేం పెద్దాయనా? తలకి ఆ కట్టేమిటి?"

"రాసుకో బాబూ. నాకు చూపుంది. ఆ రోజు తలుపు సందులోంచి అంతా చూశాను. కోడల్ని కొట్టింది నా కొడుకు. ముందు జుట్టు పట్టుకున్నాడు, తర్వాత వేళ్లు, తర్వాత రోకలి."

"ఆగాగు. తలుపు సందులోంచా? మరి ఆమె బయటికి పరిగెత్తలేదేం?"

"పరిగెత్తుకొచ్చింది బాబూ. మామయ్యా, మామయ్యా అని తలుపు బాదింది. ఇంటి గుట్టు వీధిన పడుతుందని బయట గడియ పెట్టింది నేను. వాడి పేరు కింద నా పేరూ రాసుకో."