కొలిమిలో వేసిన కవరు

ఇనుము పోతపోసే కార్ఖానాకు వ్యతిరేకంగా విదేశీ మధ్యవర్తులు ఇచ్చిన తీర్పును ఇక్కడ అమలు చేయాలా వద్దా అన్న కేసు ఇంకో గంటలో పిలుస్తారు. కోర్టు వరండాలో లాయరమ్మ అఫిడవిట్ ముందు పెట్టింది. వరసకు ఆమెకు బాబాయి అయ్యే ఆ కార్ఖానా పెద్దాయన కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“విచారణ నోటీసు మీకు అందలేదని రాశాను. సంతకం పెట్టండి బాబాయ్.”

“అందిందమ్మా.”

ఆమె గొంతు తగ్గించింది. “ఎప్పుడు?”

“అక్కడ విచారణ అయిపోయిన అయిదు రోజులకి. కవరు మీద ఆ తేదీతో పోస్టాఫీసు ముద్ర కూడా పడింది.”

లాయరమ్మకు ప్రాణం లేచి వచ్చింది. “ఇంకేం కావాలి? మన మాట వినకుండానే తీర్పు ఇచ్చేశారని ఆ ముద్రే చెబుతుంది. ఆ కవరు ఇలా ఇవ్వండి.”

పెద్దాయన కలానికి మూత పెట్టాడు.

“పొద్దున కొలిమిలో వేసేశాను.”

“ఎందుకు?”

“అందకపోతే గెలుస్తామన్నావు కదమ్మా. అందిన గుర్తు మిగలకూడదనుకున్నా. కవరైతే కాల్చగలిగాను గానీ, ఈ సంతకానికి చెయ్యి రావడం లేదు.”

ఆమె కాగితం వెనక్కి తీసుకుంది. తను అలా అన్న మాట నిజమే. నోటీసు ఎప్పుడు అందిందని మాత్రం ఈ రోజు దాకా ఆమె అడగలేదు.