పద్నాలుగో గడి

(2004. రేపల్లె స్టేషన్ రోడ్డులో జాన్ సైదా టైలరింగ్ షాపు. తెర వెనకే ఇల్లు. తెనాలి కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్ శశిధర్ గుమ్మంలో నిలబడ్డాడు.)

"లోపలికి రండి సార్. ఆ స్టూలు మీద కూర్చోండి."

"పర్వాలేదండి సైదా గారూ. నిలబడే చెప్తాను. మీ అమ్మాయి ముబీనా హాజరు గురించి కాలేజీ నుంచి కార్డొచ్చింది కదా..."

"వచ్చింది. ఇరవై తొమ్మిది రోజులు రాలేదని. ఇదిగో, మిషను సొరుగులోనే ఉంది."

"అది తప్పండి."

"ఏంటి సార్?"

"ఆ కార్డు తప్పు. కంప్యూటర్లో చిన్న... పొరపాటు జరిగింది."

"కార్డొచ్చిన రోజే ఎస్టీడీ బూత్‌కెళ్ళి మీకే ఫోన్ చేశాను. ఏమన్నారో గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమన్నారు?"

"కంప్యూటర్ తీసిన లెక్క, తప్పు రాదు అన్నాను."

"మరి ఇప్పుడు దానిదే తప్పంటారేంటి?"

"దానిది కాదండి. నాది. ప్రోగ్రాం రాసింది నేనే."

"నాకర్థమయ్యేట్టు చెప్పండి సార్. కుట్టుపని తప్ప తెలియనోణ్ణి."

"వరసగా అరవై గడులనుకోండి. సి లాంగ్వేజిలో ఎర్రే అంటాం. ఒక్కో రోల్ నంబరుకి ఒక్కో గడి. పిల్లలు రానప్పుడల్లా వాళ్ళ గడిలో ఒకటి కలుస్తుంది. ముందు ఎ సెక్షన్ లెక్క తీశాక, అవే గడుల్లో బి సెక్షన్ లెక్క. బి మొదలెట్టే ముందు గడులన్నిట్లో మళ్ళీ సున్నాలు పెట్టాలి."

"పెట్టలా?"

"ప్రోగ్రాం మొదట్లో ఒకసారి పెట్టాను. అది చాలనుకున్నాను."

"అంటే, ఒకరి కొలతలు కొట్టెయ్యకుండా వాటికే ఇంకొకరివి కలిపేశారన్నమాట."

"అంతేనండి. ఎ సెక్షన్‌లో పద్నాలుగో నంబరు బర్నబాస్. క్రికెట్ పిచ్చి, ఇరవై ఆరు రోజులు రాలేదు. బి సెక్షన్‌లో పద్నాలుగు మీ అమ్మాయి. తనవి మూడే. మొత్తం ఇరవై దాటితే కార్డు పంపాం. బి సెక్షన్‌లో దాటింది మీ అమ్మాయి ఒక్కతే."

"ఆ మూడూ జ్వరమొచ్చిన రోజులు. సెలైన్ పెట్టించింది నేనే."

"రిజిస్టరు తీసి చేత్తో లెక్కపెడితే కార్డు పంపేనాటికి మూడే వచ్చాయి. అందుకే వచ్చాను. పరీక్షల దరఖాస్తుకి రేపే ఆఖరు. రాకపోతే ఏడాది పోతుంది. పంపించండి."

"నేనాపానా సార్ దాన్ని?"

"మరి పది రోజులుగా రావట్లేదు..."

"కార్డు చూపించి, ఇన్ని రోజులు ఏ సినిమా హాల్లో కూర్చున్నావే అనడిగాను. తండ్రి అడగాల్సిన మాటేనా అది? అప్పట్నుంచీ తెనాలి రైలెక్కలా. నమ్మకం లేనప్పుడు సీజన్ టికెట్ కొనొద్దు నాన్నా అంది."

"అయ్యో."

"అయ్యో అంటే సరిపోద్దా? కూర్చోండి ముందు."

"వద్దండి. ఇంకో మాట ఉంది."

"చెప్పండి."

"ఎలా చెప్పాలో... ఆ ప్రోగ్రాం క్లాసులో బోర్డు మీద రాసి గొప్పగా చూపించాను. కార్డులు పోస్టు చెయ్యకముందే. ముబీనా లేచింది. సెక్షన్ మారేటప్పుడు మళ్ళీ సున్నాలు పెట్టాలి సార్, లేకపోతే పాత లెక్క కలుస్తుంది అంది."

"అందా? మా పిల్లా?"

"క్లాసందరి ముందూ అంది."

"మీరేమన్నారు?"

"మొదట్లో సున్నా పెట్టాను, కళ్ళు కనపడట్లేదా, కూర్చో అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుగా ఉందండి. వచ్చేటప్పుడు వేమూరులో దిగి వెనక్కెళ్ళిపోదామనుకున్నాను."

"మిమ్మల్ని నాలుగు మాటలందామనుకున్నా సార్. నోరు రావట్లా."

"అనండి. పడతాను."

"ఎట్టా అనను? నాకూ చెప్పింది. వేరే సెక్షన్ లెక్కేదో నా గడిలో కలిసింది నాన్నా అని, కాగితం మీద గీసి మరీ చూపించింది. చదువు చెప్పే సార్ కంటే నీకెక్కువ తెలుసా, నోర్ముయ్ అన్నాను."

"ఇప్పుడెక్కడుందండి తను?"

"తెర వెనకే ఉంది. అంతా వింటానే ఉంది. పిలవండి."

"నేనా? మీరు పిలవండి, తండ్రి కదా."

"ఏ మొహం పెట్టుకుని పిలవను?"

"నాకు మాత్రం ఏ మొహముందండి? ఆ ప్రోగ్రాం ఇంకా సరవ్వలేదు. నిన్న మళ్ళీ రాశాను. ఇప్పుడు రోజు మారినా సున్నా చేసేస్తోంది. ఎవరి లెక్కా ఒకటి దాటట్లేదు."

"నాన్నా."

"అమ్మా ముబీనా... ఎప్పుడొచ్చావే ఇవతలికి?"

"రేపు పొద్దున బండికి సీజన్ టికెట్ కొను. నువ్వే కొనాలి."

"కొంటా. కొంటానమ్మా. సార్‌కి ఏదన్నా ఒక మాట చెప్పు, పాపం ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు."

"కూర్చోండి సార్. సున్నా ఎక్కడ పెట్టాలో ఈ బల్ల మీద గీసి చూపిస్తాను. నాన్నా, ఆ సుద్ద ఇటివ్వు."